కట్టినంక మరువొచ్చు

పెద్దమ్మ పోయిందని వాళ్ళ కోడలు ఫోన్ చేసినప్పుడు నా చేతిలో ఒక ముసలాయన మోచెయ్యి ఉంది. ఎల్బీనగర్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో నా ఉద్యోగం. పొద్దున పరగడుపున వచ్చినవాళ్ళ వరస గుమ్మం దాటి ఉంటుంది కాబట్టి ఆ వేళ ఫోన్ ఎత్తను. ఆ రోజెందుకో ఎత్తాను. ముందురోజు మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి, చాయ్ తాగమని లేపితే లేవలేదట. పదకొండింటికి తీసుకెళ్తారు, రమ్మని చెప్పి కోడలు ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది.

ముసలాయన రక్తం తీసి, ట్యూబుకు పేరు అంటించి, ఆ తర్వాత ఒక కాగితం ముక్క మీద "పెద్దమ్మ, పదకొండు" అని రాసి చుట్టి, దాన్ని ఒక రబ్బరు ముక్కతో బ్యాగు పట్టీకి కట్టుకున్నాను. పక్కన పనిచేసే అమ్మాయి వింతగా చూసింది. చావు కబురు కూడా రాసుకోవాలా అనుకుని ఉంటుంది. రాసుకోవాలి. చావును మరిచిపోను గానీ, వరసలో ఇంకా పదిహేను మంది ఉన్నారు, పదకొండును మరిచిపోతాను. నా తల అలాంటిది. ఆ తలతోనే బతుకు ఎలా నెట్టుకు రావాలో నేర్పిన మనిషి పోయింది.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. సైదాబాద్‌లో మేము కిరాయికి ఉన్న ఇంటి ఓనరు. మేము గుంటూరు నుంచి వచ్చినవాళ్ళం. నాన్న చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేవారు. పెద్దమ్మ వాళ్ళది పోచంపల్లి పక్క ఊరు, మగ్గం మీద బతికిన కుటుంబం. వాళ్ళాయన ఉన్నప్పుడే దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టి, సైదాబాద్‌లో ఇల్లు కట్టారు. కింద వాళ్ళు, పైన మేము. మొదట్లో నేను ఆంటీ అని పిలిస్తే, ఆమె వెనక్కి తిరిగి చూసి, ఎవర్ని పిలుస్తున్నావని అడిగింది. అప్పట్నుంచి పెద్దమ్మే.

ఆమె కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి ఉండేది. ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఆసు పోసి పోసి అలా అయింది. ఆసు అంటే అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు కొట్టిన చెక్క. పట్టుదారాన్ని మధ్య మేకు నుంచి ఒక్కో మేకుకూ తిప్పి వెనక్కి తేవాలి. ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు అలా పోయి రావాలి. దుకాణం నిలదొక్కుకున్నాక ఆ పని చెయ్యాల్సిన అగత్యం లేకపోయినా, ముందుగదిలో ఒక ఆసు ఎప్పుడూ ఉండేది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. మనతో మాట్లాడుతున్నా చెయ్యి గాల్లో దారం తిప్పుతూనే ఉండేది.

ఇక నా సంగతి. పాత విషయాలు నాకు బాగానే గుర్తుంటాయి. మూడో తరగతిలో టీచర్ కట్టుకున్న చీర రంగు ఇప్పుడడిగినా చెప్తాను. అప్పుడే విన్న మాట మాత్రం నిలవదు. స్కూల్లో ఎనభై నాలుగో పేజీ తీసి, మూడో లెక్కను, రెండో పద్ధతిలో చెయ్యమంటే, నేను పేజీ తీసేసరికి మిగతావి ఎగిరిపోయేవి. డిక్టేషన్‌లో వాక్యానికి మొదటి సగమే నా పుస్తకంలో ఉండేది. బోర్డు మీద ఉన్నదాన్ని మాటకోసారి తలెత్తి చూసి రాసుకుంటుంటే, సగం కాకముందే తుడిచేసేవారు. అమ్మ పెరుగు, కరివేపాకు, అగ్గిపెట్టె తెమ్మంటే పెరుగుతో తిరిగొచ్చేదాన్ని. చదవేస్తే ఉన్న మతి పోయిందనే సామెత మా ఇంట్లో రోజుకు రెండుసార్లయినా వినపడేది.

నాన్న బాధ వేరు. పరాయి పిల్లలకు సూత్రాలు గుర్తుపెట్టుకునే కిటుకులు చెప్పే మనిషి ఆయన. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందని తోటి లెక్చరర్లు నవ్వుతారని భయం. పదో తరగతి మొదలైన కొన్నాళ్ళకు, నన్ను ఊరి బయట హాస్టల్ ఉన్న ఒక స్కూల్లో వెయ్యాలని నిర్ణయించుకున్నారు. పొద్దున్నే లేపి వల్లె వేయించి, అప్పజెప్పలేనివాళ్ళను గంటలు నిలబెట్టే చోటు అది. అప్లికేషన్ నింపి టేబుల్ మీద పెట్టారు. అక్కడికి వెళ్తే నేను మిగలనని నాకు గట్టిగా తెలుసు. ఎవరికీ చెప్పలేదు. మొద్దుపిల్ల మాట ఎవరు వింటారు?

అది తెలంగాణ కోసం ఉద్యమం జోరుగా నడుస్తున్న కాలం. వారంలో సగం రోజులు బంద్. బస్సుల్లేవు, స్కూళ్ళు మూత. పెద్దమ్మ కొడుకు గేటుకు జెండా కట్టాడు. నాన్న గేటు తీసేటప్పుడు ఆ జెండా తగలకుండా తల వంచి వెళ్ళేవారు. కింద వాళ్ళకూ పైన మాకూ మాటలు పలచబడ్డాయి. మెట్ల దగ్గర ఎదురైతే పెద్దవాళ్ళు తలలూపుకునేవారు, అంతే.

అలాంటి ఒక బంద్ రోజు పెద్దమ్మ నన్ను పిలిచి మూడు పనులు చెప్పింది. మిద్దె మీద ఎండుతున్న మిరపకాయలు తీసుకురమ్మంది, వచ్చేటప్పుడు మోటారు ఆపమంది, మంచినీళ్ళు వస్తున్నాయని అమ్మకు చెప్పమంది. నేను మిరపకాయలు తెచ్చాను. కాసేపటికి ట్యాంకు నిండి, నీళ్ళు మెట్ల మీదుగా దిగి ముందుగదిలోకి వచ్చేశాయి. రంగు అద్దకానికి సిద్ధంగా కట్టి పెట్టుకున్న పట్టు చిలపలు, అంటే దారపు చుట్టలు, తడిసి ముద్దయ్యాయి. నేను గోడకు ఆనుకుని రెండు చేతులతో చెంపలు కప్పుకున్నాను. అది అలవాటుగా జరిగిపోయింది.

ఆమె నా వైపు చూడలేదు. ముందు చిలపలు తీసి తీగ మీద వేసింది. నీళ్ళు ఊడ్చింది. అప్పుడు కూర్చుని, నన్నూ కూర్చోబెట్టి అడిగింది.

"ఎన్ని చెప్తే ఎన్ని నిలుస్తున్నయ్ బిడ్డా? నిజం చెప్పు, నేనేమనను."

ఎందుకు మరిచిపోయావని అడిగినవాళ్ళే గానీ, ఆ మాట నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. నాకూ తెలియదు. తెలుసుకుందామంది. ఆ మధ్యాహ్నమంతా ఒక ఆటలా నాకు పనులు చెప్పింది. ఒకటి చెప్తే ప్రతిసారీ నిలిచింది. రెండు చెప్తే చాలాసార్లు నిలిచాయి. మూడు చెప్తే ఒక్కసారీ నిలవలేదు.

"గంతే గదా. నీ చేతిల రెండే పడ్తయి. మూడోది పెడితే కింద పడ్తది. అండ్ల చేతి తప్పేముంది?"

నేను ఏడ్చాను. పదిహేనేళ్ళ పిల్ల ఇంటి ఓనరు ముందు వెక్కి వెక్కి ఏడిస్తే ఎలా ఉంటుందో అలాగే ఏడ్చాను. ఆమె ఊరుకోమనలేదు. నా ఏడుపయ్యాక తీగ మీది చిలప ఒకటి తెచ్చి ఒళ్ళో పెట్టింది. దాని పొడవునా అక్కడక్కడా సన్నని నల్లరబ్బరు ముక్కలు గట్టిగా చుట్టి ఉన్నాయి, పాత సైకిల్ ట్యూబు కోసిన ముక్కలు. కట్టిన చోట రంగు ఎక్కదు. అద్దకమయ్యాక విప్పితే తెల్లగా ఉంటుంది, నేసేటప్పుడు అదే పువ్వవుతుంది.

"ఈ చీరెల పువ్వు యాడ ఒస్తదో నాకు యాదికుండదు. యాదికి పెట్టుకునే పనే లేదు. కట్టినమంటే ఆడ్నే ఉంటది. కట్టినంక మరువొచ్చు బిడ్డా. కట్టకముందు మరువొద్దు, గంతే."

మర్నాడే పంక్చర్ దుకాణం నుంచి పాత ట్యూబు తెచ్చి నాకు రబ్బరు ముక్కలు కోసిచ్చింది. పద్ధతి ఆమెదే. ఎవరైనా ఏదైనా చెప్పగానే, ఇంకో మాట వినకముందే, కాగితం ముక్క మీద ఒక్క మాట రాసి బ్యాగు పట్టీకి కట్టాలి. పని అయ్యేదాకా విప్పకూడదు, అయ్యాక ఉంచకూడదు. ఆమెకు చదువు రాదు. అయినా సాయంత్రాలు, అయిన పనుల కట్లు నా చేత విప్పించి చదివించుకునేది. గుర్తుందా అని ఏనాడూ అడగలేదు. "కట్టినవా?" అనేది.

నా లెక్కల పుస్తకం చూసి ఒకసారి మొహం చిట్లించింది. అంకెలన్నీ ఒకదాని మీద ఒకటి గజిబిజిగా ఉన్నాయి. రంగులన్నీ ఒకేసారి పోస్తే పువ్వెక్కడ కనిపిస్తుంది, ఒకటి అద్ది ఆరనియ్యి, తర్వాత ఇంకొకటి అంది. అప్పట్నుంచి ఒక్కో మెట్టుకు ఒక్కో వరస రాసి, వచ్చిన జవాబు చుట్టూ చిన్న డబ్బా గీసి, అప్పుడు కింది వరసకు దిగేదాన్ని. ఆ డబ్బాలకు మేమిద్దరం కట్లు అనే పేరు పెట్టుకున్నాం. పరీక్ష హాల్లోకి రబ్బరు ముక్కలు తీసుకెళ్ళనివ్వరు గానీ, డబ్బాలు గీసుకుంటే ఎవరు వద్దంటారు?

ఆమె నా మీద కోపగించుకున్నది ఒక్కసారే. ఒకరోజు చిన్న పనే కదా అని కట్టకుండా ఊరుకున్నాను. గుర్తుంటుందిలే అనుకున్నానని చెప్పాను. ఆమె చేతిలో దారం ఆగిపోయింది. "యాదికుంటది అనుకున్నదే మరుస్తం బిడ్డా," అంది. ఆ మాట విలువ నాకు పద్నాలుగేళ్ళ తర్వాత తెలిసింది. అది చివర్న చెప్తాను.

కొన్నాళ్ళకు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని నిరసన చెప్పడం. వంట బాధ్యత పెద్దమ్మది. వెళ్తూ వెళ్తూ నన్నూ రమ్మంది, వెళ్ళాను. పన్నెండు గంజులు, అంటే పెద్ద వంటగిన్నెలు, ముప్పై మంది ఆడవాళ్ళు. ప్రతి మనిషీ ఉప్పు పడిందో లేదోనని తన వంతు గుప్పెడు వేసే రకమే. మొదటి గంజు పప్పు నోట పెట్టలేకపోయారు. పెద్దమ్మ నా చేతిలో రబ్బరు ముక్కలు పెట్టి, ఉప్పు పడ్డ గంజు చెవికి ఒక ముక్క కట్టమంది. కట్టు కనిపిస్తే ఎవరూ ఉప్పు డబ్బా ముట్టకూడదని అందరికీ చెప్పింది. నేను గంజు నుంచి గంజుకు తిరిగాను. నల్లగొండ నుంచి వచ్చిన ఒకావిడ, వేసెయ్యమంటావా అని నన్నే అడిగి మరీ ఉప్పు వేసింది. నన్ను అడిగి ఒకరు పని చెయ్యడం నా జన్మలో అదే మొదలు.

నాన్న ఆ దారిన నడిచొస్తూ, పొగలో, నినాదాల మధ్య నన్ను చూశారు. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. ఇంటికొచ్చాక అప్లికేషన్ తీసి సంతకం పెట్టారు, సోమవారం హాస్టల్లో దింపుతానన్నారు.

సాయంత్రం పెద్దమ్మ మెట్లెక్కి పైకి వచ్చింది. నెలల తర్వాత మా గుమ్మంలో నిలబడటం అదే. ఒంటి నిండా పొగ వాసన. నాన్న కుర్చీ చూపించారు గానీ ఆమె కూర్చోలేదు.

"మీ ఉద్యమం మీరు చేసుకోండమ్మా, నేను కాదనను. మా అమ్మాయిని రోడ్డు మీదికి తీసుకెళ్ళడం ఏంటండీ?" అన్నారు నాన్న.

"అడగకుండ తీస్కపోయిన, తప్పు నాదే సారూ. గాని ఒక్క మాట చెప్పిపోత. మొదటిది చెడినంక పదకొండు గంజులకు ఉప్పు చూసింది నీ బిడ్డ. ఒక్కటి తప్పలే."

"ఉప్పు సంగతి కాదండీ ఇది, పదో తరగతి. చెప్పిన మూడు ముక్కలు గుర్తుండవు దానికి."

"మూడు ఎందుకు చెప్తవ్ సారూ? రెండు చెప్పు. అవి అయినంక మూడోది చెప్పు. తొందర నీకుంటే పిల్ల మొద్దెట్ల అయితది?"

ఆమె నా వైపు ఒకసారి చూసి దిగి వెళ్ళిపోయింది. చాలాసేపటికి నాన్న నా లెక్కల పుస్తకం తెమ్మన్నారు. డబ్బాలు చూశారు. ఇవేంటని అడిగితే చెప్పాను. ఆయన ఒక లెక్క మొదలుపెట్టి, తరగతిలో చెప్పినట్టే గబగబా చెప్పుకుంటూ పోయారు. నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"ఒక్కొక్కటి చెప్పండి నాన్నా. కట్టుకుంటాను."

ఆయన పెన్ను కింద పెట్టారు. మళ్ళీ ఎత్తి, ఒక్క వరస చెప్పి, నేను డబ్బా గీసేదాకా ఆగారు. తర్వాత రెండోది. అప్లికేషన్ ఆయన ఫిజిక్స్ పుస్తకంలోకి వెళ్ళిపోయింది, మళ్ళీ బయటకు రాలేదు. స్కూళ్ళు తెరిచాక స్వయంగా వెళ్ళి క్లాస్ టీచర్‌తో మాట్లాడారు. నన్ను ముందు బెంచీకి మార్చారు, బోర్డు మీదివి పక్కపిల్ల నోట్సు చూసి రాసుకోనిచ్చారు. నేనేమీ ర్యాంకు కొట్టలేదు. లెక్కల్లో యాభై రెండు వచ్చాయి. ఆ కాగితం పట్టుకుని కిందికి పరిగెత్తితే, పెద్దమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ రోజు ఆమె మిఠాయి పళ్ళెంతో పైకి వచ్చింది. నాన్న ఒకటి తీసుకుని తిని, ఇంకొకటి అమ్మకిచ్చారు. ఊరికి వెళ్ళిపోదామన్న మాట మా ఇంట్లో వినపడటం మానేసింది. కొన్నాళ్ళకు ఎల్బీనగర్‌లో ఫ్లాటు కొనుక్కుని మారాం. నేను ల్యాబ్ కోర్సు చదివాను. రోజంతా మనుషుల చేతులకు రబ్బరు పట్టీ కట్టి రక్తం తీసి, ఇంకో పేరు పిలవకముందే ట్యూబుకు లేబుల్ అంటించే పని. నా కోసమే పుట్టిన ఉద్యోగమని పెద్దమ్మ మురిసిపోయేది. పరీక్ష చేయించాలంటే నేనే ఇంటికి రావాలనేది, ఇంకెవరికీ చెయ్యి ఇచ్చేది కాదు.

కిందటి వానాకాలంలో అలాగే వెళ్ళాను. బాగా చిక్కిపోయింది. ఆసు గోడకు ఆనించి, మీద పాత దుప్పటి కప్పి ఉంది, భుజం ఇక లేవడం లేదట. నేను రక్తం తీస్తుంటే అడిగింది.

"ఒక్కపారి ఊరికి తీస్కపోతవా బిడ్డా? మా చెల్లె ఇంట్ల ఆసు ఇంక నడుస్తుందట. జర చూసొస్త."

వచ్చే ఆదివారం వస్తాను పెద్దమ్మా, కారు మాట్లాడుకుని వెళ్దాం అన్నాను. అంటూనే ట్యూబు మీద ఆమె పేరు రాశాను, వయసు రాశాను, లేబుల్ సరిగ్గా అంటించి డబ్బాలో పెట్టాను. ఆమె మాట మాత్రం ఎక్కడా రాయలేదు. పెద్దమ్మ అడిగింది కదా, ఇది కూడా కట్టుకోవాలా, గుర్తుండదా అనుకున్నాను.

ఆ ఆదివారం మా పాపకు జ్వరం. తర్వాతి ఆదివారం ల్యాబ్‌లో డ్యూటీ. ఆ మాట నా తలలోంచి ఎప్పుడు జారిపోయిందో కూడా తెలియదు. రెండు మూడుసార్లు ఆమెతో ఫోన్‌లో మాట్లాడాను. పాప గురించి అడిగింది, నాన్న మోకాళ్ళ గురించి అడిగింది. ఊరి మాట ఎత్తలేదు.

పదకొండింటికి ఆమెను తీసుకెళ్ళాక, ఇల్లు కడుగుతుంటే నేను గేటు దగ్గర నిలబడ్డాను. కోడలు వచ్చి గేటు ఊచ ఒకటి చూపించింది. దానికొక రబ్బరు ముక్క కట్టి ఉంది, సైకిల్ ట్యూబు ముక్క. నేను రక్తం తీసి వెళ్ళిన సాయంత్రమే కట్టిందట, ఆదివారం పోయేది ఉంది, మరువొద్దని. ఆ ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, తను ఆసు పోసిన చీరే కట్టుకుని, గేటు పక్క కుర్చీ వేసుకుని మధ్యాహ్నం దాకా కూర్చుందట. కోడలు నాకు ఫోన్ చేస్తానంటే చెయ్యనివ్వలేదట.

"ఏమన్నదో చెప్పాలె నీకు," అంది కోడలు. "ఫోన్ చెయ్యకు, పరేషాన్ అయితది అన్నది. దాని చేతిల రెండే పడ్తయి, పిల్ల ఒకటి, కొలువు ఒకటి. మూడోది నేను. అండ్ల చేతి తప్పేముంది అన్నది."

నాకు ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది. ఇప్పటికీ అది పోలేదు. నన్ను ఆమె క్షమించిందని తెలుసు. ఆ క్షమనే మొయ్యలేకపోతున్నాను.

దసరాకు గేటుకు రంగు వేయించారట. ఆకుపచ్చ గేటు ఇప్పుడు ఇటుక రంగులో ఉంది. రంగులు వేసే మనిషి ఆ రబ్బరు కోసెయ్యబోతే, పని కాలేదు, విప్పొద్దని పెద్దమ్మ దగ్గరుండి ఆపిందట. అతను దాని మీదుగానే రంగు వేసి పోయాడు.

రబ్బరు అంచు వేలితో కొంచెం ఎత్తి చూశాను. కింద పాత ఆకుపచ్చ అలాగే ఉంది, వేలెడు వెడల్పున. ముడి చేతికి అందుతూనే ఉంది. పని అయ్యేదాకా విప్పొద్దని నాకు చెప్పింది ఆమే. అంచును మళ్ళీ సర్ది, గేటు దగ్గరగా వేసి వచ్చాను.